మలుపు దగ్గర చెకింగ్

చలికాలంలో చెమటతో ఇంటికొచ్చే కొడుకుని ఏ తల్లి నమ్ముతుంది? నేను నమ్మలేదు. నమ్మకపోవడం నాకు జీతమిచ్చి మరీ నేర్పించిన పని. నా ఉద్యోగమంతా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడంతోనే గడిచింది. దారి మధ్యలో చెయ్యెత్తి బస్సు ఆపి, ఎక్కి, డ్రైవర్‌కి వీపు పెట్టి నిలబడి, సీట్లలో ఉన్న మొహాలన్నీ ఒక్క చూపుతో చుట్టేసేదాన్ని. టికెట్ లేనివాడు తల దించుకుంటాడని అందరూ అనుకుంటారు. దించుకోడు. కిటికీలోంచి బయటికి, ఆ ఊరు అప్పుడే కొత్తగా చూస్తున్నంత శ్రద్ధగా చూస్తాడు. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను గానీ నా కళ్ళు కూర్చోలేదు. మా వీధిలో నా వెనక నన్ను ‘చెకింగమ్మ’ అంటారని కూడా నాకు తెలుసు. అనుకోనీ, నాకేం నష్టం!

మావాడు ఆసుపత్రిలో మందుల కౌంటర్ చూసుకుంటాడు. వాడంత నెమ్మదస్తుణ్ణి నేను చూడలేదు. చీటీ రెండుసార్లు చదివితే గానీ మాత్ర తియ్యడు. ఆ చలికాలం మొదట్లో కారు కొన్నాడు. కారూ అలాగే నడిపేవాడు. ముందు సైకిల్ వెళ్తుంటే దాని వెనకే దేకుతూ వెళ్ళడమే తప్ప దాటడం తెలియదు. “అత్తయ్యా, దిగి నడిచినా ఈపాటికి చేరేవాళ్ళం” అని కోడలు వెనక సీట్లో నా చెవిలో గొణిగేది. ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు పొద్దున్న నా మోకాలి నొప్పికి వ్యాయామం చేయించడానికి వాడు నన్ను తీసుకెళ్తున్నాడు. ఆ రోజు ముందు సీట్లో కూర్చున్నాను. ఇంజన్ ఆన్ చేయగానే ఎదురుగా ఉండే తెర ఎర్రగా వెలిగింది. మేము కూర్చున్నప్పుడెప్పుడూ అది ఆకుపచ్చే. కాలు ఆనించీ ఆనించకముందే కారు గుర్రుమని ముందుకు ఉరికింది. మావాడు గబుక్కున గేరు పక్కనున్న బటన్ నొక్కాడు. తెర మళ్ళీ ఆకుపచ్చగా మారింది, కారు మళ్ళీ మా కారు అయిపోయింది.

“ఏంట్రా అది?”

“ఏవో మోడ్‌లు ఉంటాయిలేమ్మా. పొరపాటున చెయ్యి తగిలుంటుంది.”

అని, కిటికీలోంచి మా వీధిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. పుట్టి పెరిగిన వీధి!

ఇంటికొచ్చాక కోడల్ని అడిగాను. “స్పోర్ట్ మోడ్ అంటారత్తయ్యా” అంది. “కొన్న రోజున షోరూమ్ వాళ్ళు గొప్పగా చెప్పారు. మామూలు ఇంటి కార్లలో కూడా పెడుతున్నారట. అది నొక్కితే కారు పరుగుపందెం కారులా తయారవుతుందట. ఈయనకెందుకు అది? స్పీడ్ బ్రేకర్ ముందు దణ్ణం పెట్టేంత పని చేసే మనిషికి!”

“అదే నేనూ అంటున్నాను” అన్నాను.

ఆ రోజు నుంచీ చూడ్డం మొదలుపెట్టాను. మంగళవారం, శుక్రవారం వాడికి పొద్దుటి డ్యూటీ. ఎండ ఉండగానే ఇల్లు చేరాలి. వీధి దీపాలు వెలిగాక వచ్చేవాడు. అందరం స్వెటర్లు బిగించుకుని వణుకుతుంటే వాడి చొక్కా వీపుకి అంటుకుని ఉండేది. జుట్టు చెదిరిపోయి ఉండేది. వాడు స్నానానికి వెళ్ళగానే నేను బయటికెళ్ళి బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. చక్రాల దగ్గర ఏదో కాలిన వాసన. ఆసుపత్రి ఎంత దూరమని కారు అంతలా కాగడానికి? వీటన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటుంది. మావాడు కూనిరాగం తీస్తూ ఇంట్లోకి వచ్చేవాడు. పొద్దున్నుంచీ రోగుల దగ్గులు విని, సంతకం లేని చీటీలతో వాదించి వచ్చిన మనిషికి పాటెలా వస్తుంది? పెళ్ళయిన కొత్తలో తప్ప వాడి నోట పాట విన్న గుర్తు నాకు లేదు.

కోడలు కళ్ళజోళ్ళ కంపెనీలో కళ్ళు పరీక్ష చేస్తుంది. ఒక సాయంత్రం ఇద్దరం ఆరిన బట్టలు మడత పెడుతున్నాం. వాడి చొక్కా నా చేతికొచ్చింది.

“ఎంత ఉతికినా ఈ వీపు మరక పోవడం లేదు చూశావా?”

“చెమట మరకత్తయ్యా.”

“చలికాలం కదా.”

కోడలి చేతులు ఆగాయి. “మీ ఉద్దేశమేంటి?”

“నాకేం ఉద్దేశం ఉంటుందమ్మా? అడిగాను, అంతే.”

“మీరు ఊరికే ఏదీ అడగరు” అంది. ఆ చొక్కా నా చేతిలోంచి తీసుకుని కాలరు దగ్గర, చేతుల దగ్గర తిప్పి తిప్పి చూసింది. నేను అన్నది అంతే. ఒట్టు.

తర్వాత కోడలు కూడా కారు దగ్గరికి వెళ్ళి రావడం నా కంటపడింది. పక్క సీటు వెనక్కి జరిపి ఉందా, కింద వెంట్రుక ఏదైనా పడి ఉందా, సెంటు వాసన వస్తోందా అని వెతికేది. ఏమీ దొరికేది కాదు. దొరక్కపోవడంతో నా అనుమానం ఇంకా పెరిగింది. ఏ తప్పూ లేనివాడు కారు లోపల అంత శుభ్రంగా ఎందుకు పెట్టుకుంటాడు?

ఒక మంగళవారం భోజనాల దగ్గర కోడలు మామూలుగా అడిగింది. “ఈమధ్య బాగా ఆలస్యమవుతోందే?”

“స్టాక్ చెకింగ్” అన్నాడు వాడు, కంచంలోంచి తల ఎత్తకుండా.

మాట బాగానే ఉంది. కానీ ఆ శుక్రవారం కోడలు నా ఎదురుగానే కౌంటర్‌కి ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తినావిడ, “సార్ ఎప్పుడో వెళ్ళిపోయారు కదా మేడమ్, ఈ నెల స్టాక్ చెకింగ్ ఏం లేదు” అంది. కోడలు థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. వాడు కూనిరాగం తీస్తూ వచ్చాడు. వాడికి మంచినీళ్ళిచ్చింది, అన్నం పెట్టింది, ఒక్క మాట అనలేదు. అరిచినా బాగుండేది. అరిచే ఆడదాన్ని చూసి భయపడక్కర్లేదు. మంచినీళ్ళిచ్చి ఊరుకునే ఆడదాన్ని చూసి భయపడాలి.

మర్నాడు వంటింట్లో నా పక్కన నిలబడి చెప్పింది. “కొండ మీది పై ఊళ్ళో మా కంపెనీ కొత్త షాపు తెరుస్తోందత్తయ్యా. దాని బాధ్యత చూసుకోవడానికి నన్ను వెళ్ళమన్నారు. అక్కడే ఉండాలి. ఇదివరకు కుదరదన్నాను. వచ్చే ఆదివారంలోగా ఇంకోసారి ఆలోచించి చెప్పమన్నారు.”

“ఆలోచించడానికేముంది? కుదరదనే చెప్పు.”

“ఎందుకు చెప్పాలి?” అంది నా కళ్ళలోకి చూస్తూ.

పిల్ల వెళ్తే మళ్ళీ రాదు. ఆ సంగతి దాని గొంతులోనే తెలిసిపోయింది. నాకు కూతుళ్ళు లేరు. నా జోకులకి నోరు మూసుకుని నవ్వే మనిషి ఆ ఇంట్లో అదొక్కతే. చిచ్చు పెట్టింది నేనేగా అంటారా? నేను చొక్కా చూపించాను. చొక్కాకి చెమట పట్టించింది ఎవరు? ఆ సంగతేదో తేల్చి, ఆ రెండో మనిషి ఎవరో పట్టుకుని నాలుగు దులిపి, నా కొడుకుని చెవి మెలిపెట్టి ఇంటికి లాక్కురావాలనుకున్నాను. అంతకంటే నాకు వచ్చిన విద్య ఏముంది కనక!

కారు చక్రాలకి ఎర్రమట్టి అంటుకుని ఉండడం నేను చూశాను. మా చుట్టుపక్కల ఎర్రమట్టి ఉన్నది పై ఊరికెళ్ళే కొండ రోడ్డు అంచుల్లోనే. మంగళవారం మధ్యాహ్నం ఆ బస్సెక్కాను. కండక్టర్ నాకు పాత మనిషే.

“ఏంటి మేడమ్, మళ్ళీ డ్యూటీ ఎక్కారా?”

“ఎక్కానయ్యా. ముందు టికెట్ కొట్టు.”

కొండ మీద ఒక మలుపు ఉంది. ఎంతటి డ్రైవరైనా అక్కడ బస్సు నెమ్మది చేసి తీరాలి. అందుకే మేము చెకింగ్‌కి అక్కడే కాపు కాసేవాళ్ళం. రోడ్డు పక్క అడ్డంగా ఒక పిట్టగోడ. దాని వెనక నిలబడ్డాను. మోకాలు సలుపుతోంది, గాలి చలిగా కొడుతోంది. చివరికి కింద నుంచి కారు చప్పుడు వినిపించింది. మా ఇంటి గేటు ముందు వినే చప్పుడు కాదు, తెర ఎర్రగా వెలిగిన రోజున విన్న చప్పుడు. మా కారే. గోడ దాటి రోడ్డు పక్కకి వచ్చి చెయ్యెత్తాను.

కారు నా ముందు తిన్నగా, ఎక్కడా జారకుండా ఆగింది. ముందు తలుపు లాగాను.

“ఎక్కడ దింపావురా?”

“అమ్మా! నువ్విక్కడ...”

“నా సంగతి తర్వాత. ఆమెని ఎక్కడ దింపావు?”

“ఎవర్నమ్మా?”

వెనక సీటు చూశాను. సీట్ల కింద చూశాను. “డిక్కీ తియ్యి” అన్నాను.

“డిక్కీలో ఎవరుంటారే అమ్మా!”

“తియ్యమన్నానా?”

తీశాడు. గొడుగు, స్పేర్ చక్రం, కారు తుడిచే పాత గుడ్డ. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. వచ్చి ముందు సీట్లో కూర్చున్నాను. తెర ఎర్రగా వెలుగుతోంది.

“మరి ఇక్కడేం చేస్తున్నావు?”

“నడుపుతున్నాను.”

“ఎక్కడికి?”

“ఎక్కడికీ లేదు. పైదాకా వెళ్ళి మళ్ళీ కిందికొస్తాను.”

“ఎందుకు?”

వాడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు చక్కెర డబ్బా దగ్గర పట్టుబడినప్పుడు ఇలాగే అయ్యేవి. కాసేపు స్టీరింగ్ మీద గోటితో గీస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాక ఆపితే ఒట్టు.

“ఈ బటన్ నొక్కితే స్టీరింగ్ బరువెక్కుతుందమ్మా. గేరు తొందరపడి మారదు. కాలు ఇలా ఆనిస్తే చాలు, అందుకుంటుంది. మలుపు రాకముందే, రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేసెయ్యాలి. మలుపులోకి వెళ్ళాక ఇంక బ్రేకు జోలికి పోకూడదు. అవతలి చివర కంటికి కనిపించాక అప్పుడు మెల్లగా కాలు ఆనించాలి. అది సరిగ్గా కుదిరిందనుకో, నాలుగు చక్రాలూ ఎక్కడున్నాయో నడుముకి తెలిసిపోతుంది. స్పీడు కాదమ్మా ఇది. అరవై దాటను. మధ్య గీత దాటను. బస్సొస్తే పక్కకి తప్పుకుంటాను. రోడ్డు తడిగా ఉంటే అసలు రాను.”

“అయితే? ఇందులో ఏముందని?”

“రోజంతా నా పనేంటి? తప్పు జరక్కుండా చూడ్డం. జరక్కపోతే ఎవరికీ తెలీదు, నాక్కూడా తెలీదు. ఇక్కడ ఒక మలుపు బాగా తిప్పితే బాగా తిప్పానని అప్పటికప్పుడు తెలుస్తుంది.”

“ఏదీ, చూపించు.”

బటన్ నొక్కాడు. తెర ఆకుపచ్చగా మారింది. కారు కదిలింది, మమ్మల్ని తీసుకెళ్ళేటప్పటి నడకే. వెనకొచ్చిన బస్సు హారన్ కొట్టి మరీ దాటిపోయింది.

“ఏంట్రా ఇది?”

“పక్కన మనిషుంటే రాదమ్మా. భయమేస్తుంది” అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను పక్క సీట్లో ఎవరున్నారా అని వెతికాను. డ్రైవర్ సీట్లో ఉన్నవాణ్ణి ఒకసారి చూడాలని తోచనే లేదు. ఉద్యోగమంతా అటు వీపు పెట్టి నిలబడ్డదాన్ని కదా, అలవాటు లేదు.

“ఈ మాట ఇంట్లో చెప్పడానికేం? స్టాక్ చెకింగ్ అని కోతలెందుకు?”

“ఏమని చెప్పను? ఈ వయసులో కారుతో ఆడుకుంటున్నానంటే నవ్వుతారు. ఒకసారి స్టాక్ అన్నాక మళ్ళీ అదే అనాల్సొచ్చింది.”

“నవ్వితే పోయేదేమీ లేదురా. ఇప్పుడు పిల్ల ఇల్లు వదిలి పోయేలా ఉంది. చెప్పు దానికి.”

“చెప్తాలే.”

“ఎప్పుడు?”

“సమయం చూసి చెప్తాను.”

వాడి సమయం నాకు తెలుసు. ఆదివారం వచ్చి వెళ్ళిపోయినా రాదు. అందుకని మర్నాడు నేనే కోడలికి పూసగుచ్చినట్టు చెప్పాను. బ్రేకు ముందు వెయ్యాలి, కాలు తర్వాత ఆనించాలి, నడుముకి తెలుస్తుంది, అంతా చెప్పాను. కోడలు చివరిదాకా విని నవ్వింది. మామూలుగా నవ్వే నవ్వు కాదు.

“మీరు చెకింగ్‌కి వెళ్ళారు, ఎవరూ దొరకలేదు. అంతేగా? మీ అబ్బాయి గనక వెనకేసుకొస్తున్నారు. పాపం, కష్టపడి కథ కూడా కట్టారు.”

“కథేంటే! నా కళ్ళతో చూశాను.”

“మొన్న ఆ చొక్కా చూపించినవి కూడా మీ కళ్ళే కదత్తయ్యా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. వేలెత్తి చూపినప్పుడు ఇట్టే నమ్మిన పిల్ల, వేలు దించుతానంటే నమ్మదే! “శుక్రవారం నాతో రా. కళ్ళ డాక్టరమ్మవి కదా, నువ్వే చూసుకో” అన్నాను.

శుక్రవారం ఇద్దరం అదే బస్సెక్కి, ఆ మలుపు దగ్గర దిగి, పిట్టగోడ వెనక నిలబడ్డాం. అక్కణ్ణుంచి చూస్తే కింద రోడ్డు మెలికలన్నీ కనిపిస్తాయి. కోడలు శాలువా తెచ్చుకోలేదు, నాది సగం కప్పాను.

కింద మా కారు కనిపించింది. తిన్నటి ముక్క చివర వెనక దీపాలు ఎర్రగా వెలిగాయి, ఆరాయి. కారు మలుపులోకి దిగి, లోపలి అంచు ఒరుసుకుంటూ వెళ్ళి, బయటికొచ్చి చప్పుడు పెంచింది. మళ్ళీ తిన్నటి ముక్క, మళ్ళీ దీపాలు, మళ్ళీ మలుపు. ఎక్కడా తడబాటు లేదు, తొందరా లేదు. కుచ్చిళ్ళు సర్దినట్టు ఒక్కొక్క మలుపూ సర్దుకుంటూ పైకి వస్తున్నాడు. మా గేటు దాటించడానికే ఇటూ అటూ చూసి చూసి చంపే మనిషి! నాకు గర్వం కూడా వేసింది, ఎందుకు దాచాలి?

మా ముందు నుంచి వెళ్ళాడు. మమ్మల్ని చూడలేదు. అద్దం దించి ఉంది. జుట్టు ఎగురుతోంది. నోరారా పాడుతున్నాడు. పక్క సీటు ఖాళీ, వెనక సీటు ఖాళీ.

చప్పుడు పూర్తిగా పోయేదాకా కోడలు అటే చూసింది.

“చూశావా? ఉన్నారా ఎవరైనా?” అన్నాను గెలిచినదానిలా.

“లేరు.”

“మరి?”

కోడలు పిట్టగోడ మీద కూర్చుంది. “ఎవరైనా ఉంటే బాగుండేదత్తయ్యా. జుట్టు పట్టుకుని దెబ్బలాడేదాన్ని. ఎవరూ లేనందుకే ఆయన అంత సంతోషంగా ఉంటే నేనెవరితో దెబ్బలాడను?”

దాని భుజం మీద శాలువా సరిచేశాను.

“ఇవాళ ఇంటికెళ్ళి అడుగుతాను” అంది బస్సెక్కేముందు. “మీరు మధ్యలో దూరకండి, దగ్గకండి, సైగలు చెయ్యకండి. ఆయన నోటితో ఏం చెబుతారో విని, ఆదివారం సంగతి తేల్చుకుంటాను.”

దగ్గవద్దంటే ఎంత దగ్గొస్తుందో ఆ సాయంత్రం తెలిసింది. మేమూ అప్పుడే చేరాం. మావాడు వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు, కంచం ముందు కూర్చున్నాడు.

“ఆలస్యమైందేం?” అంది కోడలు.

వాడు నావైపు చూశాడు. నేను పైన ఫ్యాను వైపు చూశాను.

“కొండ రోడ్డుకెళ్ళాను” అన్నాడు.

“ఎవరితో?”

“ఎవరూ లేరు. ఊరికే, కారు నడపడానికి. చాలా రోజులుగా వెళ్తున్నాను. స్టాక్ చెకింగ్ అబద్ధం.”

అమ్మయ్య అనుకున్నాను. కానీ కోడలు అక్కడితో ఆపలేదు.

“నన్నెప్పుడైనా ఎక్కించుకోవచ్చుగా?”

నీకు కళ్ళు తిరుగుతాయని, నీకు సెలవు ఉండదని ఏదో ఒకటి అనొచ్చు. నేనైతే అనేదాన్ని. మావాడు నిజం చెప్పడం మొదలుపెట్టాడు కాబట్టి అదే పట్టాల మీద వెళ్ళాడు. “నువ్వుంటే జాగ్రత్తగా నడుపుతాను” అన్నాడు.

“జాగ్రత్తగా నడిపేటప్పుడు ఎప్పుడైనా పాడారా?”

“లేదు.”

“ఇంట్లో ఎప్పుడూ జాగ్రత్తగానే ఉంటారు.”

“ఊఁ.”

“నేనూ అంతే” అంది కోడలు. వాడి కంచంలో కాస్త కూర వేసింది. “నాకూ అలాంటి చోటు ఒకటి కావాలండీ. ఆ షాపుకి వెళ్తానని చెప్పేస్తాను.”

“కోపమొచ్చిందా?”

“వచ్చింది. కానీ వెళ్ళేది అందుకు కాదు.”

ఆదివారం దాకా ఆగలేదు, శనివారమే ఒప్పుకుంటున్నానని చెప్పేసింది. నేను బతిమాలాను, అలిగాను, మోకాలు నొప్పి ఎక్కువైందన్నాను. “ఎక్కువైందో లేదో నాకు తెలుసు” అని నా మోకాలికి మందు రాసి మరీ వెళ్ళింది. మావాడే కారులో దింపి వచ్చాడు. ఆకుపచ్చ తెరతో, సైకిళ్ళ వెనక, నెమ్మదిగా. ఆ వారమంతా ఇల్లు బోసిపోయింది. నేను ఏదైనా అంటే నవ్వడానికి మనిషి లేదు. మావాడు కూనిరాగం మానేశాడు. మంగళవారం ఎండ ఉండగానే ఇంటికొచ్చి, టీవీ పెట్టుకుని అటే చూస్తూ కూర్చున్నాడు. ఎటైనా పోయి రారా అంటే, బుద్ధి పుట్టడం లేదమ్మా అన్నాడు. పిల్ల ఇంక తిరిగి రాదని, తప్పంతా తనదేనని వాడి లెక్క. నా లెక్క కూడా అదే, పైకి అనలేదు.

శనివారం డ్యూటీ కాగానే పై ఊరికి బయల్దేరాడు. చొక్కా మార్చుకున్నాడు, తల దువ్వుకున్నాడు. గేటు దగ్గర ఆగి, “నువ్వూ రామ్మా, దాన్ని చూసినట్టుంటుంది” అన్నాడు.

నాకు రావాలనే ఉంది. చెప్పులు కూడా వేసుకున్నాను. కానీ నేనెక్కితే ఆ తెర ఆకుపచ్చగా మారుతుంది. “నేనొస్తే నువ్వు చేరేసరికి చీకటి పడుతుంది. అక్కడ మనిషి ఎదురుచూస్తూ ఉంటుంది. పో” అన్నాను.

“ఎదురుచూస్తుందంటావా?”

“వెళ్తే కదా తెలిసేది? పో!”

పోయాడు. వీధి చివర మలుపు తిరిగేదాకా నెమ్మదిగానే పోయాడు. ఆ తర్వాత సంగతి నాకు తెలియదు. కూర్చోలేక, నిలబడలేక ఇల్లంతా తిరిగాను. పిల్ల తలుపు తీస్తుందా, తీసి మళ్ళీ మంచినీళ్ళిచ్చి ఊరుకుంటుందా? ఫోన్ మోగగానే లాక్కున్నట్టు ఎత్తాను.

“వచ్చారత్తయ్యా” అంది కోడలు. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. “త్వరగానే వచ్చారు. వీపంతా చెమట. నవ్వుకుంటూ దిగారు.”

“మంచిదే కదమ్మా.”

“ఆ నవ్వు రోడ్డు మీద వచ్చిందో, నన్ను చూసి వచ్చిందో తెలియడం లేదు.”

నా అనుభవమంతా తిరగేసి చూశాను. ఆ చెకింగ్ నాకెవరూ నేర్పలేదు.

“నువ్వు తలుపు తీశాక కూడా ఉందా?”

“ఉంది. ఇప్పటికీ ఉంది. ఒక్కరే కూర్చుని నవ్వుకుంటున్నారు.”

“అయితే సగం నీదే అనుకో తల్లీ.”

“మిగతా సగం?”

“అది వాడికి వదిలెయ్యి” అన్నాను.